కళ్లద్దాలు తీసేముందు

రెండేళ్ల కిందటి మాట. శ్రావణమాసం. మా అన్నయ్య కూతురు తిమ్మాజిపేటలో పొద్దున్నే బస్సెక్కి, జడ్చర్లలో బస్సు మారి, పదకొండు గంటలకల్లా హైదరాబాదులో మా గుమ్మంలో నిలబడింది. సంచీలో వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి. మొహంలో మాత్రం ఏదో కంగారు. మంచినీళ్లు కూడా తాగకుండానే అడిగింది.

"అత్తా, నాకు లేజరు చేయించవా? పదిహేను దినాలల్ల చూడనీకి వస్తున్నరు. ఆలోపల ఈ అద్దాలు పోవాలె."

మెల్లగా కూపీ లాగితే సంగతి బయటపడింది. అబ్బాయి తరఫువాళ్లకి అద్దాలు లేకుండా తీసిన ఫొటో పంపారు. పిల్లకి సైటు ఉందన్న మాట ఎవరూ చెప్పలేదు. జడ్చర్లలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్న ఈ పిల్ల, తన జీతంతోనే కాంటాక్టు లెన్సులు కొనుక్కుని, ఆర్నెల్లుగా వాటితోనే నెట్టుకొస్తోంది. లేజరు చేయించుకుంటే ఇక దాచాల్సిన అవసరమే ఉండదని దాని ఎత్తు.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఆ పిల్ల మీద కాదు. ముప్పై అయిదేళ్ల కిందట మా ఇంట్లో ఇదే మాట ఇంకో రకంగా విన్నాను కనుక.

నాకు నాలుగో తరగతి వచ్చేదాకా సైటున్న సంగతి ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అందరికీ లోకం అలాగే అలుక్కుపోయినట్టు కనిపిస్తుందనుకునేదాన్ని. మా ఊరికి దగ్గర్లోనే ఆవంచ. అక్కడ పొలాల మధ్య పాతికడుగులకు పైబడిన ఏకశిలా గణపతి ఉన్నాడు. అంతెత్తు దేవుడు నాకు రాతిగుట్టలాగే కనిపించేవాడు. "ఆ కండ్లు చూడుండ్రి, ఎంత సల్లగున్నయో" అని అవ్వ దండం పెడితే, ఏ కళ్లో తెలియకపోయినా నేనూ తలూపి దండం పెట్టేదాన్ని. చివరికి బడిలో బోర్డు కనపడక పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూస్తున్నానని తెలిసి, నాయిన హైదరాబాదు తీసుకొచ్చి పరీక్ష చేయించి అద్దాలు పెట్టించాడు. అవి పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టిన రోజున అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఆడపిల్లకు అద్దాలేందిరా? రేపు ఎవడు చేసుకుంటడు?"

మర్నాడు ఆవంచ వెళ్లి గణపతి కళ్లు చూశాను. అవ్వ మాట ఆ క్షణానికి మర్చిపోయాను.

ఇన్నేళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ మా గుమ్మంలోకి వచ్చింది. కాకపోతే ఈసారి జవాబు కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆ జవాబు పేరే లేజరు. "సరే, పద చూద్దాం" అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల ఓ ఆశ ఉంది. నా మూడున్నర నెంబరు కూడా ఈ వంకన వదిలిపోతుందేమోనని!

కంటి ఆస్పత్రిలో లోపలికి పిలవగానే ప్రశ్నలు మొదలయ్యాయి. వయసెంత? పోయినేడాది నెంబరెంత? షుగరుందా? కీళ్లవాతం ఉందా? ఏం మందులు వాడుతున్నారు? పెళ్లయిందా, కడుపుతో ఉన్నారా, పిల్లలకి పాలిస్తున్నారా? కళ్లు పొడిబారి మండుతుంటాయా? రాత్రిపూట బండి నడుపుతారా? ఏం ఉద్యోగం? ఇంట్లో ఎవరికైనా కంటిజబ్బు ఉందా? పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు!

"లెన్సులు వాడతారా?" అని అడిగినప్పుడు మాత్రం మా పిల్ల తడుముకోకుండా "లేదు" అంది. నేను దానివంక చూశాను. అది నేలవంక చూసింది.

తర్వాత గడ్డం ఓ మిషను మీద ఆనించి కంటికి ఫొటో తీశారు. కార్నియా అని ఉంటుంది కదా, నల్లగుడ్డు మీద చేతిగడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర, దాని ఎత్తుపల్లాలన్నీ రంగురంగుల పటంలా వచ్చాయి. డాక్టరమ్మ ఆ పటం చూసి, మళ్లీ పిల్లని చూసి, మెల్లగా అంది. "లెన్సులు ఎప్పుడు తీశావమ్మా?"

"ఇప్పుడే. బాత్రూంలో."

డాక్టరమ్మ కోప్పడలేదు. నా వేలికున్న ఉంగరం తీయమంది. తీశాను. వేలిమీద గీత పడి ఉంది. "లెన్సు కూడా అంతే. కన్ను మీద దాని అచ్చు పడుతుంది. ఆ అచ్చు పోయేదాకా కంటి అసలు ఆకారం తెలియదు. ఆ తప్పుడు కొలతతో లేజరు చేస్తే జీవితాంతం తప్పుడు చూపే. మెత్తటి లెన్సులైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు ఆపి రావాలి. నువ్వు రెండు వారాలు పూర్తిగా మానేసి రా."

రెండు వారాలంటే సరిగ్గా పెళ్లిచూపుల దాకా అన్నమాట! అప్పటిదాకా కళ్లద్దాలే గతి. పిల్ల మొహం వాడిపోయింది.

బయట బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. నేను చదివింది బి.ఏ. నాకు సైన్సు రాదు, చరిత్ర మీదే ప్రీతి. ఈ ప్రశ్నలన్నీ ఎవరు కనిపెట్టారు, ఎక్కణ్ణుంచి వచ్చాయి అన్న కుతూహలం పట్టుకుంది. ఆ రెండు వారాలూ పుస్తకాలు తిరగేశాను. తిరగేసినకొద్దీ ఒకటే అర్థమయింది. డాక్టరమ్మ అడిగిన ఒక్కొక్క ప్రశ్న వెనకా ఎక్కడో ఎవరిదో ఒక కన్ను ఉంది. ఎవరో నష్టపోయి నేర్పిన పాఠం ఉంది.

అసలు కళ్లద్దాలే ఏడువందల ఏళ్ల పాతవి. 1306లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ఒక క్రైస్తవ సన్యాసి ప్రసంగిస్తూ, ఈ విద్య పుట్టి ఇంకా ఇరవయ్యేళ్లు కాలేదని చెప్పాడు. ఆ మొదటి అద్దాలు చత్వారం వచ్చిన పెద్దవాళ్లు చదువుకోవడానికి పనికొచ్చేవి. నాలాంటి దూరం కనపడనివాళ్లకి అద్దాలు రావడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. అప్పటినుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా కంటిలోపం పోగొట్టాలంటే కంటి ముందు ఏదో ఒకటి పెట్టుకోవడమే దారి. కంటినే మార్చవచ్చని చాలామందికి తోచలేదు.

తోచినవాళ్లలో ఒకడు జపాను డాక్టరు సుటోము సాటో. హ్రస్వదృష్టి అంటే కంటిగుడ్డు కాస్త పొడుగవడం, లేదా కార్నియా వంపు మరీ ఎక్కువవడం. బొమ్మ పడాల్సిన చోటికి ముందే పడిపోతుంది. వంపు తగ్గిస్తే సరిపోతుంది కదా అని, ఆయన 1940లు, 50లలో కార్నియాకి పైనుంచే కాక లోపలినుంచి కూడా సన్నటి గాట్లు పెట్టాడు. వంపు తగ్గింది, చూపూ బాగుపడింది. అందరూ సంతోషించారు. కానీ కార్నియా లోపలివైపు ఒక పలచని కణాల పొర ఉంటుంది. కార్నియాలోకి నీరు చేరి ఉబ్బిపోకుండా కాపాడేది ఆ పొరే. అది పోతే మళ్లీ పుట్టదు. ఈ సంగతి అప్పటికి సరిగ్గా తెలియదు. పదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ ఆ రోగుల్లో చాలామందికి కళ్లు ఉబ్బి మసకబారాయి. ఆపరేషను జరిగిన రోజు బాగున్న కన్ను ఇరవయ్యేళ్ల తర్వాత కూడా బాగుండాలని లోకానికి నేర్పింది వాళ్లే.

తర్వాత రష్యాలో ఫ్యోదొరోవ్ వచ్చాడు. ఒక కుర్రవాడి కళ్లద్దాలు పగిలి గాజుపెంకులు కంట్లో గుచ్చుకున్నాయట. గాయం మానాక వాడి సైటు తగ్గిందట. దాంతో ఆయనకి ఆలోచన తట్టిందని కథగా చెబుతారు. 1974 నుంచి ఆయన కార్నియా పైభాగంలోనే, చక్రం ఆకుల్లా చుట్టూ గాట్లు పెట్టడం మొదలుపెట్టాడు. మాస్కోలో ఆపరేషను బల్లలు గుండ్రంగా తిరుగుతుంటే, ఒక్కొక్క డాక్టరు ఒక్కొక్క పని చేసి ముందుకు పంపేవాడు. పిండిమరలో వంతులాగ! అమెరికాలోనూ ఆ పద్ధతికి పెద్ద గిరాకీ వచ్చింది. అయితే అక్కడే పదేళ్లపాటు రోగుల్ని వెంబడించి చూసి 1994లో ఫలితాలు చెబితే, నూటికి నలభై మూడు కళ్లలో చూపు అవతలివైపుకి, అంటే దీర్ఘదృష్టివైపుకి, కనీసం ఒక నెంబరు జరిగిపోయిందని తేలింది.

1996 మే నెలలో ఇంకా విచిత్రం జరిగింది. బెక్ వెదర్స్ అనే అమెరికా డాక్టరు ఎవరెస్టు ఎక్కుతున్నాడు. అంతకుముందే ఈ గాట్ల ఆపరేషను చేయించుకున్నాడు. అంత ఎత్తున గాలి పలచబడేసరికి ఆయన కార్నియా ఆకారం మారి చూపు పోయింది. తుఫానులో చిక్కుకుని, చచ్చిపోయాడని వదిలేస్తే, ఎలాగో ప్రాణాలతో దిగి వచ్చాడు. చలికి ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. "ఏం ఉద్యోగం? ఏమేం పనులు చేస్తారు?" అని ఆస్పత్రిలో అడిగితే మనకి చాదస్తంలా ఉంటుంది. ఆయన కథ చదివాక నాకు చాదస్తం అనిపించలేదు.

ఇంకో దారిలో నడిచినవాడు హోసె బర్రాకెర్. స్పెయిన్‌లో పుట్టి, దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో స్థిరపడ్డ డాక్టరు. కార్నియా పైనుంచి పలచని బిళ్ల కోసి, దాన్ని గడ్డకట్టించి, లెన్సులు చెక్కే లేత్ మిషను మీద చెక్కి, తిరిగి కంటిమీద అతికించేవాడు. చదువుతుంటేనే నాకు ఒళ్లు జలదరించింది. కానీ, కార్నియాలో కొంచెం తీసేసి దాని వంపు మార్చాలన్న ఆలోచనకి ఆయనే ఆద్యుడు. లోటల్లా చెక్కే ఉలిలో ఉంది. అంత సున్నితమైన ఉలి అప్పటికి లోకంలో లేదు.

ఆ ఉలి దొరికిన కథలో మన మద్రాసువాడున్నాడు. రంగస్వామి శ్రీనివాసన్. 1929లో మద్రాసులో పుట్టి, అక్కడే రసాయనశాస్త్రం చదివి, అమెరికా వెళ్లి ఐ.బి.ఎం. పరిశోధనశాలలో చేరాడు. ఆయనా, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అనే మరో ఇద్దరూ ఎక్సైమర్ లేజరనే కొత్తరకం లేజరుతో పనిచేస్తున్నారు. అది కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి. ప్లాస్టిక్కుని చక్కగా చెక్కుతోంది, మరి ప్రాణి శరీరాన్ని ఏం చేస్తుందో? 1981 నవంబరు 26న వాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగ. ఆ రోజు అక్కడ ఇంటింటా టర్కీకోడి వండుకుంటారు. మర్నాడు శ్రీనివాసన్ ఇంట్లో మిగిలిన టర్కీ ముక్కని పరిశోధనశాలకి పట్టుకుపోయాడు! దాని మీద లేజరు వేశారు. చుట్టుపక్కల కాలిన మచ్చ లేదు, మాడిన వాసన లేదు, గీత గీసినట్టు నున్నగా తెగింది. ఆ వెలుగు కాల్చదు. అణువుల్లోని బంధాలనే తెంచుతుంది. తర్వాత ఒక తలవెంట్రుక మీద వరసగా గాట్లు పెట్టి ఫొటో తీశారు. మనం ఒక్క వెంట్రుకని రెండుగా చీల్చడమే గొప్పనుకుంటాం.

మిగిలిపోయిన కూరతో లోకానికి చూపొచ్చిందంటే ఏ ఇల్లాలికి సంతోషం కాదు చెప్పండి?

న్యూయార్కు కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్ ఈ సంగతి విని, శ్రీనివాసన్‌తో కలిసి ఆవుకళ్ల మీద ప్రయోగాలు చేసి 1983లో ప్రకటించాడు. ఒక్కొక్క మెరుపుకీ తెగేది సుమారు పావు మైక్రాను. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అయితే ఆవుకన్ను వేరు, చూపున్న మనిషికన్ను వేరు. ఎవరు ముందుకొస్తారు?

ఈ చరిత్రలో నన్ను ఆపేసింది ఈ ఘట్టమే. 1988లో న్యూ ఆర్లీన్స్‌లో మార్గరీట్ మెక్‌డొనాల్డ్ అనే డాక్టరమ్మ దగ్గరికి ఒకావిడ వచ్చింది. కంటిగూట్లో కాన్సరు. ఇంకా చూపున్న కన్నే అయినా ప్రాణం దక్కాలంటే తీసేయక తప్పదు. ఎలాగూ పోయే కన్ను, దానితో మీరు నేర్చుకోవాల్సింది నేర్చుకోండి అని ఆ తల్లి ముందుకొచ్చింది. చూపున్న మనిషికన్ను మీద మొదటిసారి సైటు కోసం ఈ లేజరు నడిచింది అప్పుడే. కొద్దిరోజులకి ఆ కన్ను తీసేశారు. చూపు సరిచేసే లేజరు మొదట పడ్డ ఆ కంటికి, ఆ చూపుతో లోకాన్ని చూసే యోగం లేకపోయింది. చేసింది ఒక స్త్రీ, కన్నిచ్చింది ఒక స్త్రీ. పెళ్లిచూపుల కోసం తొందరపడే మన పిల్లలకి ఈ కథ ఎవరు చెబుతారు?

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో పల్లికారిస్ అనే డాక్టరు, కార్నియాపై ఒక పలచని రేకు పుస్తకం అట్టలా పైకెత్తి, కింద లేజరు వేసి, మళ్లీ అట్ట మూసే పద్ధతి తెచ్చాడు. 1990 ప్రాంతంలో వచ్చిన ఆ పద్ధతికే లాసిక్ అని పేరు. 1995లో అమెరికా ప్రభుత్వం ఎక్సైమర్ లేజరుకి అనుమతిచ్చింది. ఆ దశకంలోనే మన దేశపు పెద్ద నగరాలకీ వచ్చింది. 1998లో జర్మన్ డాక్టరు థియో సైలర్ మరో హెచ్చరిక చేశాడు. లాసిక్ తర్వాత కొందరి కార్నియా బలహీనపడి ముందుకి పొడుచుకొస్తోందన్నాడు. అప్పటినుంచే కార్నియా మందం కొలవనిదే, ఆ రంగుల పటం చూడనిదే, బుద్ధున్న డాక్టరెవరూ చెయ్యి వెయ్యరు.

ఈ మందం లెక్క మన నెలజీతం లెక్కలాంటిదే. కార్నియా మందం సుమారు అయిదువందల నలభై మైక్రాన్లు, అంటే అరమిల్లీమీటరు పైచిలుకు. పైరేకుకి నూటపది దాకా పోతుంది. ఒక్కొక్క నెంబరు తగ్గించడానికి పన్నెండు నుంచి పదిహేను మైక్రాన్లు తీయాలి. అయిదు నెంబరు సైటుకి ఇంచుమించు ఒక వెంట్రుక మందమన్నమాట. ఖర్చులన్నీ పోగా అడుగున రెండువందల యాభైకి తగ్గకుండా మిగలాలి. ఇంకా ఎక్కువ మిగిలితే మరీ మంచిది. జీతంలో పొదుపు తక్కువైతే అప్పు చెయ్యొచ్చు. కార్నియాకి అప్పిచ్చేవాళ్లు లేరు.

అమెరికా, రష్యాల కథలు సరే, మన పాలమూరు సంగతేమిటని మీరడగొచ్చు. అదీ చూశాను. 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలైంది. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు దాని వ్యవస్థాపకులు. స్థలమూ కోటిరూపాయలూ ఇచ్చినవారు మన సినిమా ఎల్.వి.ప్రసాద్‌గారు. 'పెళ్ళి చేసి చూడు' అని 1952లో సినిమా తీసినాయన, చివరికి చూపు కోసం అంత దానం చేశారు! ఆ సంస్థవాళ్లే 1996 నుంచి 2000 దాకా హైదరాబాదుతోపాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలమందికి పైగా పరీక్షించి చూశారు. అంధత్వంలో నూటికి అరవైపాళ్లు శుక్లాల వల్లా, అద్దాలతో సరిపోయే సైటు వల్లా వచ్చిందేనట. అదీ పల్లెల్లో ఎక్కువ, బీదలకి ఎక్కువ, ఆడవాళ్లకి ఎక్కువ.

2000, 2001 సంవత్సరాల్లో మా మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లోనే ఏడు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల్ని 4,074 మందిని చూశారు. అద్దాలు లేకుండా పరీక్షిస్తే నూటికి 2.7 మందికి చూపు తక్కువ. రోజూ ఎలా ఉంటారో అలాగే, అద్దాలుంటే పెట్టుకోమని పరీక్షిస్తే 2.6 మందికి. రెండు అంకెలకీ తేడా చూశారా? అంటే అద్దాలు కావలసిన పిల్లల్లో అవి పెట్టుకున్నవాళ్లు దాదాపు లేనట్టే! హ్రస్వదృష్టి ఆడపిల్లల్లోనే ఎక్కువ కనిపించిందట కూడా. నా తర్వాత పదేళ్లకి కూడా మా జిల్లాలో ఎన్ని జతల కళ్లు బోర్డువంక చూసి, కనిపించినట్టు తలూపుతున్నాయో ఆ అంకె చెప్పింది. ఇప్పుడు కొంత నయం. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న 'కంటి వెలుగు' మొదలుపెట్టి, 2023 జనవరిలో రెండో విడత కూడా జరిపి, ఊరూరా పరీక్షలు చేసి ఉచితంగా అద్దాలు పంచింది. మా అవ్వ బతికుంటే ఊళ్లో ఇంతమంది ఆడవాళ్ల మొహాన అద్దాలు చూసి ఏమనేదో!

ఇదంతా మా అన్నయ్య కూతురికి రోజుకింత చొప్పున చెప్పాను. వింది. ఆ రెండు వారాలూ లెన్సులు డబ్బాలోంచి తీయలేదు. అబ్బాయి తరఫువాళ్లు తిమ్మాజిపేటకి వచ్చిన రోజున కళ్లద్దాలతోనే కాఫీపళ్లెం పట్టుకొచ్చింది. అబ్బాయి తల్లి "నెంబరెంతమ్మా?" అని అడిగింది. "నాలుగూ ముప్పావు" అని చెప్పింది. ఆవిడ మరేం మాట్లాడలేదు. ఆవిడ ముక్కుమీదా అద్దాలున్నాయి, అదే తమాషా.

వారం తర్వాత జాతకాలు కుదరలేదని కబురొచ్చింది. జాతకాలు చూసుకున్నాకనే కదా ఆ పెళ్లిచూపులు!

వదిన నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు. "లెన్సులు పెట్టుకొమ్మంటే అయిపోవు గదా, నీ చరిత్రలన్నీ జెప్పి పిల్ల సంబంధం చెడగొడితివి" అంది. ఆవిడ బాధ ఆవిడది. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులాగే గుచ్చుకుంటుంది. లెన్సులతోనే కాఫీ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? పెళ్లయ్యేదేమో. తర్వాత ఓ రాత్రి లెన్సులు తీసి, చీకట్లో అద్దాలు తడుముకుంటూ దొరికిపోయేదేమో. నాకు తెలియదు.

అనుకున్న ప్రకారం రెండోసారి పరీక్షకి వెళ్లాం. ఈసారి పటం చక్కగా వచ్చింది. కానీ కిందటేడు చీటీలో నాలుగున్న నెంబరు ఇప్పుడు నాలుగూ ముప్పావుకి పెరిగింది. "ఏడాదిపాటు నెంబరు కదలకుండా ఉంటేనే చేస్తాను. ఇప్పుడు చేస్తే మళ్లీ సైటు వస్తుంది" అంది డాక్టరమ్మ. పదిహేను రోజుల్లో అయిపోవాలనుకున్న పని ఏడాదికి వాయిదా పడింది.

ఇక నా ముచ్చట. ఆ వంకన నేనూ కళ్లు చూపించుకున్నాను. కార్నియా బాగుంది, నెంబరు కదలడం లేదు, అన్నీ బాగున్నాయి. అప్పుడు డాక్టరమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. "ఇంట్లో చదివేటప్పుడు, రాసేటప్పుడు ఏం చేస్తారు?"

"అద్దాలు తీసి పక్కన పెడతాను."

ఆవిడ నవ్వింది. నలభై దాటాక అందరికీ చత్వారం వస్తుంది. మాటలోనే ఉంది నలభై! కంటిలోపలి కటకం బిగుసుకుపోయి దగ్గరివి ఆనవు. కానీ నా మూడున్నర సైటే నాకు చదువుకునే అద్దాలుగా పనికొస్తోంది. లేజరుతో దూరం బాగుచేస్తే ఈ వరం పోతుంది. బస్సుబోర్డు అద్దాల్లేకుండా కనిపిస్తుంది, రాసుకునే కాగితం కనిపించదు. లేజరు కార్నియాని మారుస్తుందే కాని చత్వారాన్ని ఆపదు. రోజుకి ఆరుగంటలు కాగితం ముందు కూర్చునేదాన్ని, బస్సుబోర్డు కోసం కాగితాన్ని వదులుకోనా? లేచి వచ్చేశాను. అలా నా ఆపరేషను తయారీ ఒక్క ప్రశ్నతో ముగిసింది. అదీ మంచి తయారీయే అంటాను.

ఏడాది గడిచింది. మా పిల్ల నెంబరు కదల్లేదు. మందం అయిదువందల ముప్పై. రేకుకి నూటపది, సైటుకి డెబ్బై పోగా, మూడువందల యాభై మిగులు. కాగితం మీద లెక్క తనే వేసి నాకు చూపించింది. డబ్బు కూడా జీతంలో తను దాచుకున్నదే. ఈసారి ఏ సంబంధమూ కుదురుతున్నట్టు లేదు, ఎవరూ చూడ్డానికి రావడం లేదు. "మరిప్పుడెందుకే?" అన్నాను. "వానల్ల బండి మీద బోతుంటే అద్దాల మీద నీళ్లుబడి తొవ్వ కనపడ్తలేదు అత్తా" అంది. ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి?

మళ్లీ లెన్సులు ఆపింది. వారం ముందునుంచి కాటుక మానేసింది, దాని పొడి రెప్పల మొదట్లో దాక్కుంటుంది కనుక. ముందురోజు రాత్రే తలంటుకుంది, తర్వాత కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడకూడదు కనుక. ఆ రోజు పౌడరు లేదు, క్రీము లేదు, సెంటు లేదు. సెంటు ఆవిరి కూడా లేజరు దారికి అడ్డమేనట. డాక్టరమ్మ రాసిచ్చిన చుక్కలు వేళ తప్పకుండా వేసుకుంది. తోడు నేనెళ్లాను. మత్తుసూది లేదు, కంట్లో చుక్కలే. మిణుకుమిణుకుమనే దీపాన్ని కదలకుండా చూడమన్నారట. లేజరు పడింది కంటికి ఒక నిమిషం కూడా కాదు. ఆ నిమిషానికి తయారవడానికి మా పిల్లకి ఏడాది పట్టింది, లోకానికి అరవయ్యేళ్లు పట్టింది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇద్దరం ఆవంచ వెళ్లాం. పిల్ల గణపతి ముందు నిలబడి చాలాసేపు కళ్లవంకే చూసింది. ఇంకా కళ్లు కాస్త పొడిబారుతుంటాయి, రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయంటుంది. తగ్గుతాయని చెప్పారు. "కండ్లు కనపడ్తున్నయా?" అని మా అవ్వ గొంతు పెట్టి అడిగాను.

"నాకు కనపడ్తున్నయి గని, నీ అద్దాల మీద దుమ్ముంది అత్తా" అంది.

కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాను.